మూత పెట్టి చూడు

మిర్యాలగూడ బైపాసు మీద
వానకాలం వడ్ల ట్రాక్టర్లు పొద్దటిసంది లైను గట్టినయి.
మిల్లు లోపల
బియ్యపుగింజ జారుతది, రెండు కెమెరాల నడుమ కిందికి దూకుతది,
రెప్ప కొట్టేంత సేపు గూడ కాదు, అందుల వందో వంతు,
తెల్లదా నల్లదా తేలిపోతది.
నల్లదైతే ఒక గాలి చిటికె.
టక్కున పక్క గొట్టంల పడుతది.

మొన్న ఈదమ్మ చీపురు ఆపి అన్నది:
"ఇంజనీరు బిడ్డా, నీ మిషను మంచి బియ్యం పారేస్తున్నది."
నేను ఇంజనీరును కాను.
నల్లగొండల చదివిన డిప్లొమా,
సర్వీసు కంపెనీ టీషర్టు, జేబు మీద పేరు తప్పు అచ్చయింది.
తెర చూపించిన: అంతా పచ్చగుంది చూడు, లోపం లేదంటున్నది.
ఆమె తెర దిక్కు చూడనే లేదు.
దోసెడు గింజలు తెచ్చి నా చేతుల పోసింది.
ఒక్కదానికన్నా మచ్చ లేదు.

రాత్రి షిఫ్టుల సెన్సర్ డేటాషీట్ తెరిచిన.
రెండొందల పన్నెండు పేజీలు.
ఎవరు రాసిండ్రో, ఏ చల్లటి గదిల కూసోనో,
ఎక్కడా "నేను" అనలేదు, ఎక్కడా దగ్గలేదు.
నలభై ఏడో పేజీల దొరికిండు మనిషి.
పట్టిక కింద చీమల బారు అంత అక్షరాలల్ల:
ఏడెనిమిది డిగ్రీల వేడి పెరిగితే
చీకట్ల పుట్టే కరెంటు రెండింతలైతదట,
మీ దగ్గర మీరే కొలుచుకోండట.
మా దగ్గరనా!
డ్రయ్యర్ పక్కన, రేకుల కింద,
థర్మామీటర్ యాభై రెండు దాటి ఆగింది.

లతీఫ్ సార్ ల్యాబ్‌ల చెప్పేటోడు:
సెన్సర్ గుణం ఎరుక కావాల్నంటే వెలుగు చూపించకు,
మూత పెట్టి చూడు.
చూసేటందుకు ఏమీ లేనప్పుడు అది ఏమంటదో వినుమని.
అప్పుడు రికార్డు బుక్కుల ఎక్కించి మార్కులు తెచ్చుకున్న, అంతే.
ఇయ్యాల మూత పెట్టిన.

అన్నీ గొణుగుతున్నయి.
పదకొండు, తొమ్మిది, పద్నాలుగు, పది...
ఉక్కపోతకు నిద్ర పట్టని వాడకట్టు తీరు.
ఒక్క పిక్సెల్ మాత్రం
సున్నా. సున్నా. సున్నా.
చీకట్ల గూడ గొణగనిది
బతికున్నది కాదు.
దాని ముందట నుంచి పోయిన ప్రతి గింజా
దానికి నల్లగనే కనబడ్డది.

మందు నూట పదకొండో పేజీల ఉన్నది:
పోయినదాని జాగల
ఎడమ పక్కది, కుడి పక్కది కలిపి సగం చేసి రాయాలె.
తెల్లారి ఈదమ్మకు చెప్తే పడి పడి నవ్వింది.
"మా ఊళ్ల గూడ సచ్చినోని ముచ్చట పక్కింటోళ్లే చెప్తరు.
సగం నిజం, సగం కల్పన. పనైతే ఎల్తది."

మిషను పెట్టె దిగకముందు
ఇదే షెడ్డుల నలభై మంది ఆడోళ్లు, నలభై చాటలు.
ఇప్పుడు ఇద్దరు, రెండు చీపుర్లు.
ఆమె ఎడమ కంట్ల పువ్వుంది.
"చాటను జరంత కుడికి మలుపుకునేదాన్ని,
ఎవలికీ చెప్పలే" అన్నది.

సర్వీసు రిపోర్టుల ఒక గడి: లోపం కనిపెట్టినది ఎవరు?
సిస్టం, ఇంజనీర్, ఇతరులు.
ఫోన్ల తెలుగు అక్షరం ఎక్కలేదు.
కాయితం మీద రాసిన, ఈదమ్మ అని,
సేటు చదవకుండనే సంతకం పెట్టిండు.

సోమవారం హైదరాబాదుల ఇంటర్వ్యూ.
సెన్సర్ టెస్టింగ్, ఎంటెక్ అయితే మేలు, అయిదేండ్ల అనుభవం,
దారి ఖర్చులు ఎవలియి వాళ్లే.
నాకు మూడేండ్లు,
ఒక సున్నా.

ఈదమ్మ గొట్టం కింద కొత్త బస్తా కడుతా అడిగింది:
"మరి మొన్నటిసంది పోయిన బస్తాలో?"

ఆ లారీ నిన్ననే పోయింది,
కోళ్ల దాణాకు.